మేనకోడలి గోల్డ్‌ఫిష్ ట్యాంకు: మే చివరి నుంచి ఆగస్టు దాకా

మే చివరి వారం

మా మేనకోడలు గాజు బౌల్‌లో పెంచుకున్న బంగారి అనే గోల్డ్‌ఫిష్ చచ్చిపోయింది. కూకట్‌పల్లిలో అక్క వాళ్లింటికి నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ పట్టుకెళ్లి, బౌల్‌లో మిగిలిన నీళ్లు పరీక్షించాను. చేప ఒంట్లోంచి వ్యర్థంగా వచ్చే అమోనియాను కొలిచే గొట్టం ముదురాకుపచ్చకు తిరిగింది. రంగుల కార్డు మీద అది 4 పీపీఎంకీ (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) 8కీ మధ్య. ఉండాల్సింది సున్నా. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 8. అమోనియాను బాక్టీరియా తింటే వచ్చే నైట్రైట్ సున్నా, అంటే అమోనియాను తినే బాక్టీరియా ఆ బౌల్‌లో ఇంకా పుట్టనేలేదు. చచ్చిన చేప రాత్రంతా అందులోనే ఉంది కాబట్టి కొంత అమోనియా దానివల్ల కూడా పెరిగి ఉంటుంది. కానీ చివరి రోజుల్లో అది ఎలా ఉండేదో మా మేనకోడలు చెప్పింది విన్నాక నాకు అనుమానం మిగల్లేదు. మొప్పలు ఎర్రగా కందిపోయాయట. అడుగున కదలకుండా పడి ఉండేదట. మధ్యమధ్యలో పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేదట. "బంగారి నాతో మాట్లాడుతోందనుకున్నా మామయ్యా" అంది. ఊపిరి ఆడక అలా చేసిందని చెప్పడం చాలా కష్టమైంది. అయినా చెప్పాను. ఎనిమిదేళ్ల పిల్ల సూటిగా అడుగుతుంటే కథలు చెప్పబుద్ధి కాలేదు.

"నేను మేత ఎక్కువ వేసినందుకా?" అని కూడా అడిగింది. కాదు. మేత మిగిలి కుళ్లితే అమోనియా పెరుగుతుంది, నిజమే. కానీ మేత తక్కువ వేసినా చేప తన మొప్పల్లోంచి అమోనియాను వదులుతూనే ఉంటుంది. చెరువులో అది కలిసిపోతుంది. నాలుగు లీటర్ల బౌల్‌లో ఎక్కడికి పోతుంది? పోపులో ఎండుమిరపకాయలు మాడితే మనం పరుగెత్తి కిటికీ తీస్తాం కదా, బంగారికి తీయడానికి కిటికీ లేదు, అని చెప్పాను. ఆ మాట దానికి అర్థమైంది. సాయంత్రం ఇద్దరం కలిసి చేపను బాల్కనీలో కరివేపాకు కుండీలో పాతిపెట్టాం.

బౌల్, రంగు గోళీలు, మేత డబ్బా, చేప, అన్నీ కలిపి అమ్మిన షాపువాళ్లు రెండు మాటలు చెప్పారట. రెండ్రోజులకోసారి నీళ్లన్నీ మార్చమన్నారు. బౌల్‌కి తగ్గట్టే చేప పెరుగుతుందన్నారు. ఈ రెండో మాట నమ్మేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, అందుకే గట్టిగా చెప్తున్నాను. గోల్డ్‌ఫిష్ బౌల్‌కి తగ్గట్టు సర్దుకోదు. చెడిపోయిన నీళ్లలో దాని ఎదుగుదల ఆగిపోతుంది, ఆపైన చచ్చిపోతుంది. ఒంటి తోక ఉండే కామెట్ లాంటివి అడుగు పొడవు దాకా పెరుగుతాయి. సరిగ్గా చూసుకుంటే పది పదిహేనేళ్లు బతుకుతాయి. ఇంగ్లండ్‌లో 1956లో ఒక జాతరలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్లు బతికింది. ఇది విని పాప వేళ్ల మీద లెక్కపెట్టి "అమ్మకంటే పెద్దది!" అంది.

ఇంకో చేప కొనమని బావ అన్నాడు. ముందు నీళ్లు తయారవ్వాలి, చేప సంగతి తర్వాత, అన్నాను. ఈ పని నేనే మీద వేసుకున్నాను.

జూన్ మొదటి వారం

ట్యాంకు చేయించాం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 10 మి.మీ. గాజు. అంచు దాకా నింపితే 190 లీటర్లు పడతాయి, పైన ఖాళీ వదిలితే 170. జంట తోక, గుండ్రటి ఒళ్లు ఉండే ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్‌లు రెండింటికి ఇది హాయిగా సరిపోతుంది. నీళ్లూ గాజూ కలిపి 200 కిలోలు దాటుతుంది కాబట్టి టీవీ బల్ల మీద పెట్టకూడదు. వెల్డింగ్ షాపులో ఇనుప స్టాండు చేయించి, పైన ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీట్ పరిచాం. కింద చిన్న ఎత్తుపల్లం ఉన్నా థర్మాకోల్ సర్దేస్తుంది, గాజు పగలదు. బాల్కనీ ఎండ పడని గోడ పక్కన పెట్టాం.

గోళీలు కూడా వేద్దామని పాప పట్టుబట్టింది. వాటి సందుల్లో మలం, మేత ఇరుక్కుని కుళ్లుతాయి కాబట్టి ఒప్పుకోలేదు. బాగా కడిగిన సన్నని ఇసుక అర అంగుళం పోశాం. గోల్డ్‌ఫిష్ రోజంతా ఇసుకను నోట్లోకి తీసుకుని ఉమ్ముతూ ఉంటుంది, సన్న ఇసుకైతే గొంతులో ఇరుక్కోదు. గంటకు 1,500 లీటర్లు తిప్పే, ట్యాంకు అంచుకు తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ ఒకటి, దానికి తోడు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒకటి పెట్టాను.

నీళ్ల విషయంలో కాస్త బుర్ర పెట్టాల్సి వచ్చింది. ఈ అపార్ట్‌మెంట్ సంపులో బోరు నీళ్లు, నల్లాలో వచ్చే మంజీరా నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు, అన్నీ కలిసిపోతాయి. ఇవాళ పట్టిన నీళ్లు వచ్చేవారం నీళ్లలా ఉండవు. విడిగా చూస్తే బోరు నీళ్లలో నైట్రేటే (అమోనియా చివరికి మారేది దీనిగానే) 40 పీపీఎం, పీహెచ్ 8 పైనే. ఈ పీహెచ్ చిన్న విషయం కాదు. అమోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒక రూపమే విషం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే ఆ విషపు భాగం మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఐదు శాతం దాటుతుంది. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. అంటే అదే కొలత అమోనియా, బంగారి ఉన్న నీళ్లలో ఎన్నో రెట్లు ఎక్కువ హాని చేసింది.

అందుకని నల్లా వచ్చే రోజున నేరుగా డ్రమ్ములోకి మంజీరా నీళ్లు పడుతున్నాం. క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్, వంద లీటర్లకు ఒక గ్రాము. పాత ఫొటో స్టూడియోల వాళ్లు హైపో అనేది ఇదే. షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కల మందులో చాలావరకు ఉండేదీ ఇదే.

జూన్ నెలంతా

చేపల్లేని ట్యాంకు. అక్క రోజూ ఒకటే పాట: "ఒరేయ్, ఉత్త నీళ్లకు కరెంటు ఎందుకురా?"

ఎందుకంటే ఈ దశలో పెంచుతున్నది బాక్టీరియాను. ఒక రకం అమోనియాను తిని నైట్రైట్ చేస్తుంది, నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది వారం వారం నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. ఇవి నీళ్లలో తేలుతూ ఉండవు, స్పాంజిని, ఇసుకను పట్టుకుని ఉంటాయి. చేప లేదు కాబట్టి అమోనియాను మనమే పెట్టాలి. ల్యాబ్ సామాన్లు అమ్మేచోట అమోనియం క్లోరైడ్ కొన్నాను. కళాయి పూతకు వాడే నవాసారం కూడా అదే పదార్థం, కానీ బజారు సరుకులో ఏం కలుస్తుందో తెలియదు కాబట్టి దాని జోలికి పోలేదు. 170 లీటర్లకు ఒక గ్రాము వేస్తే అమోనియా 2 పీపీఎం వస్తుంది. మా ఇంటి ట్యాంకులో ఏళ్లుగా నడుస్తున్న స్పాంజిని తెచ్చి ఇందులో పిండాను. అది లేకపోతే నెల, నెలన్నర పట్టేది.

మొదట్లో ఏ మార్పూ లేదు. తర్వాత అమోనియా దిగడం మొదలైంది, నైట్రైట్ గొట్టం ఊదా రంగుకు పోయి చాలా రోజులు అక్కడే ఆగింది. చాలామంది ఓపిక పోయి చేపలు వదిలేసేది ఇక్కడే. పాప మాత్రం ఆగింది. గొట్టంలో చుక్కలు లెక్కపెట్టి వేయడం, కార్డుతో పోల్చి నోటుబుక్కులో రాయడం దాని పని. నైట్రేట్ పరీక్షలో రెండో సీసాను బాగా కుదపకపోతే అంకె తప్పు వస్తుందని ఇప్పుడు నాకే గుర్తుచేస్తోంది. నెలాఖరుకు, పొద్దున వేసిన 2 పీపీఎం మర్నాటి పొద్దుటికి అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా అయ్యింది. వరసగా రెండుసార్లు అలాగే వచ్చాక సంతోషంతో ఇద్దరం అరిచాం.

జూలై

పాపకు బంగారి లాంటి ఒంటి తోకదే కావాలి. అవి చెరువులో, తోట కొలనులో ఉండాల్సిన చేపలని చెబితే కాసేపు ముభావంగా ఉంది. చివరికి ఫ్యాన్సీ రకాల్లో బ్లాక్ మూర్ ఒకటి, రెడ్ క్యాప్ ఒరాండా ఒకటి ఎంచుకుంది. రెండూ నెమ్మదిగా ఈదేవే కాబట్టి ఒకదాని మేత ఇంకోటి లాక్కోదు. షాపులో నేను చూసింది మూడు విషయాలే: రెక్కలు విచ్చుకుని ఉన్నాయా, మేత వేస్తే వస్తున్నాయా, అదే తొట్టిలో జబ్బుతో ఉన్నవి గానీ చచ్చినవి గానీ ఉన్నాయా. నల్లదానికి కాటుక, ఎర్ర తలదానికి బొట్టు అని పేర్లు పెట్టేసింది.

జబ్బేదైనా ఉంటే ముందే బయటపడాలని నేరుగా ట్యాంకులో వదల్లేదు. యాభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో, బాక్టీరియా పట్టి తయారైన స్పాంజ్ ఫిల్టర్‌తో, వంద గ్రాముల కల్లుప్పు కలిపి మూడు వారాలు విడిగా ఉంచాం. ఆ మూడు వారాలూ పెద్ద ట్యాంకులో బాక్టీరియా ఆకలికి చావకుండా అమోనియం క్లోరైడ్ కొద్దికొద్దిగా వేస్తూనే ఉన్నాను. కాటుక మొదట్లో రెక్కలు ముడుచుకుని మూలన ఉంది, తర్వాత తేరుకుంది. తెల్ల మచ్చల జబ్బు రాలేదు.

ఆగస్టు

ఇద్దరూ పెద్ద ట్యాంకులో ఉన్నారు. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, వారం చివర నైట్రేట్ 20 పీపీఎం దగ్గర. వారానికోసారి 60 లీటర్లు తీసి, డ్రమ్ములోంచి మళ్లీ అంతే నీళ్లు పోస్తున్నాం. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగొద్దని, తీసిన ట్యాంకు నీళ్ల బకెట్‌లోనే పిండాలని అక్కకు రెండుసార్లు చెప్పాను. క్లోరిన్ నీళ్లలో కడిగితే జూన్ నెల కష్టమంతా పోతుంది.

మేత రోజుకు రెండు పూటలు, నిమిషంలో తినేసేంతే. మునిగే గుళికలు. గోల్డ్‌ఫిష్‌కు పొట్ట సంచి ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది, అందుకే ఒకేసారి ఎక్కువ పెట్టకూడదు. ఆదివారం ఉడికించిన పచ్చి బఠానీ, తొక్క తీసి నలిపి వేస్తుంది పాప. బొట్టు దాని వేళ్ల దాకా వచ్చి తింటోంది.

రెండు పనులు మిగిలాయి. కరెంటు పోతే ఆడే బ్యాటరీ ఎయిర్ పంప్ కొనాలి. మార్చి లోపు, ఎండలు ముదరకముందే, ట్యాంకు అంచున చిన్న ఫ్యాన్ బిగించాలి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 30 డిగ్రీలవి ఏడున్నరే పట్టుకుంటాయి. నీటి మీద గాలి తగిలితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. మా ఇంట్లో ఏటా చేసేది అదే. ఫ్యాన్ గాలికి నీళ్లు త్వరగా ఆవిరవుతాయి కాబట్టి రోజూ ఒకటి రెండు మగ్గులు డ్రమ్ము నీళ్లు పోయాల్సి ఉంటుంది. నోటుబుక్కులో దానికో గడి పాప ఇప్పుడే గీసిపెట్టుకుంది.