కొన్నాం కానీ మనది కాదట
డబ్బులు పోసి కొన్న కార్ రేసింగ్ గేమ్ ఇక నడవదు. కంపెనీ సర్వర్లు ఆపేసింది. ఒక్కడినే ఆడుకునే మిషన్లకీ సర్వర్ కావాలట! డిస్క్ భేషుగ్గా ఉంది. పెడితే లోగో వస్తుంది, ఆపైన ‘సర్వర్‌కు కనెక్ట్ కాలేదు’ అంటూ అక్కడే ఆగిపోతుంది. పైగా కొత్త భాగం సగం ధరకే అని వాళ్ల నుంచే మెయిల్. ఒళ్లు మండిపోయింది.

కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, డిజిటల్‌గా అమ్మేది లైసెన్స్ మాత్రమేనని, అంటే వాడుకునే అనుమతే తప్ప సొంతం కాదని, ముందే చెప్పాలని చట్టం. అంటే ఇక చెప్పి మరీ లాక్కుంటారన్నమాట. యూరప్‌లో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ పిటిషన్‌కి పది లక్షలు దాటి సంతకాలు పడ్డాయి. సర్వర్ ఆపినా గేమ్ ఆడుకునేలా వదిలి వెళ్లండి అంటున్నారు, అంతే. ఇదేం గొంతెమ్మ కోరికా?

కొత్త భాగం నేనైతే కొనను. మా తమ్ముడు మాత్రం ఆఫర్ అయిపోతుందని ఒకటే గోల.