పొట్టి బగ్గీలో పడని రెండో గేరు

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు మీద నేను కడుతున్న ఇసుక బగ్గీకి రెండో గేరు పడటం లేదు. నాలుగు, రివర్సు కూడా అంతే. ఒకటి, మూడు మాత్రం హాయిగా పడుతున్నాయి. పాన్‌ను (కారు కింది ఇనుప నేల చట్రాన్ని) 14¼ అంగుళాలు కోసి అతికించిన పెద్ద పని అంత చక్కగా కుదిరాక, ఒక ఇనుప రాడ్డు దగ్గర బండి ఆగిపోవడం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

బండి సంగతి క్లుప్తంగా: 1969 బీటిల్ పాన్, పైన మేయర్స్ మాంక్స్ తరహా ఫైబర్‌గ్లాస్ బాడీ. 1964లో బ్రూస్ మేయర్స్ ఇక్కడే, దక్షిణ కాలిఫోర్నియాలో, మొదటి మాంక్స్ బగ్గీ చేసినప్పుడు బీటిల్ పాన్ వాడలేదు. మొదటి డజను బండ్లకు బాడీయే చాసిస్. అవి గట్టివే, కానీ చేయడానికి ఖర్చు ఎక్కువ. బీటిల్ పాన్‌నే పొట్టి చేసి దాని మీద బాడీ బిగించే పద్ధతి ఆ తరువాత వచ్చింది. ఆయన తీసుకున్న నిర్ణయాలన్నిటిలో ఇదే గొప్పదని నా అభిప్రాయం. మామూలు గ్యారేజీలో మామూలు మనిషి కూడా బగ్గీ కట్టుకోగలుగుతున్నాడంటే దానివల్లే.

పాన్ ఫలితం: వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2400 మిల్లీమీటర్ల నుంచి 2038కి దిగింది, అంటే దాదాపు పాత మినీ కారు అంత. మూలల మధ్య కొలతల్లో తేడా 1.5 మిల్లీమీటర్లు. బ్రేకు గొట్టాలు, పొట్టి క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ అన్నీ బిగించాను, పనిచేస్తున్నాయి.

ఇక గేర్లు. లివరు నుంచి వెనక గేర్‌బాక్సు దాకా పోయే షిఫ్ట్ రాడ్డును కూడా 362 మిల్లీమీటర్లే తగ్గించి, లోపల ముక్క పెట్టి వెల్డింగ్ చేసి, పైన నున్నగా గ్రైండ్ చేశాను. గేర్లు పడకపోతే ఎవరైనా ముందు అనుమానించేది రాడ్డు మెలినే. రెండు చివరల మధ్య కోణం కొద్దిగా తిరిగినా గేట్లు (లివరు కదిలే ఎడమ, కుడి దారులు) దొరకవు. అయితే కోణం తప్పితే ఇబ్బంది ఎడమ గేటులోనో కుడి గేటులోనో కనిపించాలి. ఇక్కడ అలా లేదు. లివరు ముందుకు తోసే గేర్లన్నీ పడుతున్నాయి, వెనక్కి లాగేవి ఒక్కటీ పూర్తిగా పడటం లేదు. కోణం కొలిచి చూస్తే తేడా అర డిగ్రీ కూడా లేదు. కాబట్టి చిక్కు మెలిలో కాదు, పొడవునా జరిగే కదలికలో ఉంది.

లివరు వెనక్కి లాగితే రాడ్డు ముందుకు పోతుంది. న్యూట్రల్ నుంచి రాడ్డు వెనక్కి 13 మిల్లీమీటర్లు కదులుతోంది, ముందుకు 9 దగ్గరే ఆగిపోతోంది. లివరు ఊడదీసి, స్టాప్ ప్లేటు తీసేసి, రాడ్డును చేత్తో తోశాను. మళ్లీ 9. వెనక సీటు కింది మూత తెరిచి కప్లర్‌ను (రాడ్డును గేర్‌బాక్సుకు కలిపే ముక్కను) గేర్‌బాక్సు నుంచి విడదీస్తే, గేర్‌బాక్సు వైపు రాడ్డు రెండు వైపులా పూర్తిగా కదిలింది. అంటే అడ్డు టన్నెల్ (పాన్ మధ్యలో రాడ్డు, కేబుళ్లు పోయే గొట్టం లాంటి భాగం) లోపలే ఉంది. రాడ్డు అతుకు, దాన్ని పట్టి ఉంచే బుష్‌కు తగులుతోందేమో అనుకున్నాను. కానీ అతుకు బుష్‌కు 60 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. టన్నెల్ వెల్డింగ్ లోపలికి కారి గడ్డ కట్టిందా అని బోర్‌స్కోప్ (సన్నని కెమెరా) దింపి చూశాను. గడ్డలున్నాయి గానీ రాడ్డుకు చాలా పైన ఉన్నాయి.

చివరికి కప్లర్ అంతటా మార్కింగ్ నీలం పూసి రాడ్డును ముందుకు తోశాను. ముందువైపు బిగింపు స్క్రూ తల మూలలో మాత్రం రంగు చెరిగింది. కెమెరాలో ఎదురుగా హ్యాండ్ బ్రేక్ కేబుల్ గొట్టం మీద నీలం మచ్చ! పాన్ కోసినప్పుడు ఆ గొట్టాలనూ కోసి తొడుగులతో కలపాల్సి వచ్చింది. గొట్టం మందం 10 మిల్లీమీటర్లు, తొడుగుతో కలిపి 14. వెల్డింగ్ వేడికి గొట్టం కొంచెం కిందికి కూడా వంగినట్టుంది, అది నా ఊహ. రుజువు కోసం స్క్రూ తలను 1.5 మిల్లీమీటర్లు అరగదీస్తే కదలిక 9 నుంచి 11కి పెరిగింది. రెండో గేరు పడింది! నాలుగోది మాత్రం యాక్సిలరేటర్ వదలగానే జారిపోతోంది.

స్క్రూను ఇంకా అరగదీయను. పానా పట్టడానికి, లాక్ వైరు దూర్చడానికి ఆ తల కావాలి. ఆ స్క్రూ దారిలో వదులైతే గేర్లన్నీ పోతాయి. కప్లర్ మార్చమనే వారికి ఒక మాట: గట్టి యురేథేన్ రకం నాకు నచ్చదు, గేర్‌బాక్సు అదురంతా చేతికి తెస్తుంది. పాత పద్ధతి రబ్బరుదే మేలు.

తొడుగును అందుకోవాలంటే టన్నెల్‌కు కిటికీ కోయాలి. పైనుంచి కోయడం తేలికే, కానీ చాసిస్ నంబరు వెనక సీటు కింద టన్నెల్ మీదే, ఆ మూత పక్కనే కొట్టి ఉంటుంది. బండి గుర్తింపు అదే, దాని జోలికి పోను. ఇండియాలో మా ఊళ్లో పాత జీపును ఇలా పొట్టి చేయవచ్చా అని తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.

అందుకని పక్క గోడలో 120 × 50 కిటికీ కోస్తాను. పెట్రోలు గొట్టమూ అదే టన్నెల్‌లో ఉంది కాబట్టి ముందు దాన్ని బయటికి తీసేయాలి. పాత తొడుగు కోసేసి, లోపలి కొలత సరిపోయే ఒకే పొడవు గొట్టం వేసి, పక్క గోడ వైపు 5 మిల్లీమీటర్లు జరిపి అతికిస్తాను. కిటికీకి బోల్టులతో మూత పెడతాను. హ్యాండ్ బ్రేక్ తీసేసి హైడ్రాలిక్ లాక్ పెట్టుకోమనే సలహా నాకు రుచించదు. ప్రెషర్ తగ్గితే వాలు మీద నిలిపిన బండి కదులుతుంది. తీగ తీగే.

ఆ తరువాత ఇంజిన్. 1600 సీసీ ఇంజిన్‌కి 34 పిక్ట్-3 కార్బ్యురేటరు ఉంది. దానికి బాష్ 009 డిస్ట్రిబ్యూటర్ కాకుండా వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పును బట్టి నిప్పురవ్వ సమయం మార్చే ఏర్పాటు) ఉన్నదే పెడతాను. 009తో యాక్సిలరేటర్ తొక్కగానే వచ్చే తడబాటు ఇసుకలో అసలు పనికిరాదు. ఇంత పొట్టి బండికి ముందు భాగం మరీ తేలిక, అందుకని బ్యాటరీని ముందుకు తేవాలని ఉంది. 1967లో మేయర్స్, టెడ్ మాంగెల్స్ కలిసి మెక్సికోలో లా పాజ్ నుంచి టిహువానా దాకా 34 గంటల 45 నిమిషాల్లో నడిపింది ఇలాంటి పొట్టి బండినే. నా మొదటి ప్రయాణం గ్లామిస్ ఇసుక దిబ్బల దాకానే. చలికాలం సీజను మొదలయ్యేలోగా నాలుగో గేరు నిలబడాలి.