ఎంతుంటుందమ్మా ఇది?

బావగారు వచ్చి వెళ్లిన రోజు నాకు నిద్ర పట్టదని మీకు తెలిసిందే. ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియం. జేడ్ అనే రాతితో చేసిన వస్తువుల గదిలో నూర్జహాన్ పండ్ల చాకు ముందు కాసేపు నిలబడదామనుకున్నాను. "ఎంతుంటుందమ్మా ఇది?" అన్నారు బావగారు. జహంగీర్ వేటకత్తి దగ్గరికెళ్తే, "మరి దీనికో?" పైగా, "పండు కోసుకోడానికి ఇన్ని రాళ్లా, దండగ!" అని తీర్పు. అవతల సంగీత గడియారం గంట కొట్టే టైమైందని మా ఆయన తొందర. బావగారి ముందు నేను నోరెత్తను కదా, అందుకే ఈ రాతంతా.

నేను చూడాలనుకున్నది రాళ్లను కాదు, అవి పిడిలో ఎలా కూర్చున్నాయో. అమ్మమ్మగారి ఊళ్లో కంసాలి తాత కుందనం పని చేస్తుంటే గంటలకొద్దీ చూసేదాన్ని. గుంటలో లక్క నింపి, రాయి కింద మెరిసే తగడు పెట్టి, మేలిమి బంగారాన్ని పల్చటి రేకుగా సాగగొట్టి, రాయి చుట్టూ ఉక్కు పనిముట్టు కొనతో నొక్కుతూ పోయేవాడు. మంట లేదు, టంకం లేదు. స్వచ్ఛమైన బంగారం కాబట్టి ఒత్తిడికే ఒకదానికొకటి అతుక్కుపోతుంది. నా ఊపిరికి రేకు ఎగిరిపోతుందని వెనక్కి జరగమని కసిరేవాడు, నేను మళ్లీ ముందుకు జరిగేదాన్ని. మొగలుల బాకు పిడుల మీద ఉన్నదీ ఈ పనే. కాకపోతే అక్కడ జేడ్‌లోనే గాడి తొలిచి రాయి పొదిగేవారు.

అయినా బావగారిననడం దేనికి? జహంగీర్ కూడా తన జ్ఞాపకాల్లో, ఎవరో కానుకిచ్చిన రత్నాల బాకు ఇన్ని వేల రూపాయలు చేస్తుందని విలువ కట్టి మరీ రాసుకున్నాడు. దర్బారులో బాకు బహూకరించడమంటే పరువు. ఆ పరువుకి రేటు ఉండాల్సిందే. కానీ జహంగీర్ వాటిని చేసినవాళ్ల పేర్లు కూడా రాశాడు, అదీ తేడా. పూరన్, కల్యాణ్ అని ఇద్దరు పనివాళ్లు. చేపకోర అని పిలిచే, వాల్రస్ అనే సముద్రజంతువు దంతంతో బాకు పిడులు చెక్కారు. మురిసిపోయి కల్యాణ్‌కి 'అజాయిబ్ దస్త్' అని బిరుదిచ్చాడు, అద్భుతమైన చేయి అని. పూరన్‌కి ఏనుగునిచ్చాడు.

ఏనుగు! ఇంట్లో పిడులు చెక్కుకునే మనిషి దాన్నెక్కడ కట్టేసుకున్నాడో. మేతకే నెలకెంతయ్యేదో. బావగారైతే ఇట్టే లెక్క కట్టి చెప్పేస్తారు.