నాలుగు గంటల చొక్కా

మా అక్క కొడుక్కి గుంటూరులో ఒక ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. కౌంటర్లో కూర్చునేది కాదు, బండేసుకుని తిరిగి వ్యాపారస్తుల చేత ఖాతాలు తెరిపించే పని. వచ్చే సోమవారం చేరాలి. "మావయ్యా, ఫార్మల్స్ తీసుకోవాలి, నువ్వు కూడా రావా" అని పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. చీరల షాపుకెళ్తే మా ఆవిడ నన్ను బయట కుర్చీలో కూర్చోబెడుతుంది. బట్టల విషయంలో నన్ను సలహా అడిగినవాడు ఇంతవరకు వీడొక్కడే. అయినా 2006లో మెడికల్ రెప్పుగా చేరింది మొదలు వారానికి ఆరు రోజులు టక్ చేసుకునే బతుకుతున్నాను, ఆ మాత్రం అర్హత ఉందనే అనుకుంటున్నా.

మా బెజవాడ బందరు రోడ్డులో ఒక పెద్ద షోరూము పేరు చెప్పి అక్కడ కలుద్దామన్నాడు. ముందు ఇంటికి రమ్మన్నాను. షోరూము అద్దంలో ఏ చొక్కా అయినా బాగానే ఉంటుంది. చల్లగా ఏసీ, మనకి కలిసొచ్చేలా పెట్టిన లైట్లు, అప్పుడే ప్యాకెట్లోంచి తీసిన మడత. మనల్ని చూసి మంచో చెడో అనుకోవాల్సిన మనిషి మాత్రం అక్కడుండడు. నాకైతే ఆ మనిషి సూర్యారావుపేటలో ఓపీ అంతా చూసేసి, సాయంత్రం నాలుగింటికి "రెప్పులెవరైనా ఉంటే రమ్మను" అనే డాక్టరు. అప్పటికి నేను పటమట నుంచి వన్‌టౌన్ దాకా బండి మీద ఒక చుట్టు చుట్టి, ఆస్పత్రి మెట్ల దగ్గర గంటసేపు నిలబడి ఉంటాను. రోహిణీ కార్తెలో బెజవాడ ఎండ గురించి చెప్పేదేముంది. అందుకే చొక్కా కొనేటప్పుడు నేను చూసేది ఒకటే, ఇది నాలుగింటికి ఎలా ఉంటుందని.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. ఆఫీసు చొక్కా అంటే లేత నీలమే అనుకుని చేరిన కొత్తలో మూడూ అదే రంగువి కొన్నాను. ఒక మే నెల మధ్యాహ్నం ఒక పెద్ద డాక్టరు గారి గదిలో, టేబుల్ అవతల ఆయనకి మందు గురించిన అట్ట చూపించడానికి చెయ్యి చాచాను. చంక నుంచి నడుము దాకా ముదురు నీలం మడుగు. ఆయన ఏమీ అనలేదు. లేచి ఫ్యాను స్పీడు పెంచి మళ్లీ కూర్చున్నారు. ఆ మందు ఆయన రాశారో లేదో గుర్తు లేదు గానీ ఆ ఫ్యాను మాత్రం గుర్తుంది.

చెమట తడి ఎక్కువగా బయటపడేది లేత నీలంలోనూ, బూడిద రంగులోనూ. తెలుపులో, బాగా ముదురు నీలంలో దాదాపు తెలీదు. సన్న గీతలు, చిన్న గళ్లు కూడా కొంత దాస్తాయి. అయితే తెల్ల చొక్కా కింద తెల్ల బనీను వేస్తే భుజాల పట్టీలతో సహా మ్యాపు గీసినట్టు కనిపిస్తుంది. ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నదో, బూడిద రంగుదో వేసుకుంటే కనపడదు. అదీ చేతులున్న బనీను కావాలి. చేతుల్లేనిది చంకలో చెమట పీల్చదు, ఇంక అంత ఎండలో అదొక బరువెందుకు? చంకల్లో పడే పసుపు మరకలు ఒట్టి చెమట వల్లే అనుకుంటారు. పొద్దున్నే రాసుకునే యాంటీపెర్స్పిరెంటులో అల్యూమినియం ఉంటుంది, అది చెమటతో కలిసి ఆ మరక పడుతుంది. రాసుకున్నాక ఆరనిచ్చి చొక్కా తొడుక్కుంటే కొంత నయం.

వాడొచ్చాక మా బీరువా తెరిచాను. పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ బంధువులు పెట్టిన ప్యాంటు, షర్టు పీసులు అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి, ఓ పన్నెండు దాకా. వాడు తళతళలాడే బిస్కెట్ రంగుది ఎత్తి "ఇది బాగుంది మావయ్యా" అన్నాడు. గ్లాసుతో నీళ్లు తెప్పించి దాని మీద ఒక చుక్క వేశాను. తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడింది. "చూశావా, నీ చెమట కూడా లోపల ఇలాగే నిలబడుద్ది రా" అన్నాను. తరవాత గుడ్డని పిడికిట్లో గట్టిగా పట్టి, పది లెక్కపెట్టి వదలమన్నాను. ముడతలు పడి అలాగే ఉండిపోతే బండి దిగాక వీపూ అలాగే ఉంటుంది. అసలు ముడతే పడకపోతే అది చాలావరకు పాలిస్టరే, వేసుకున్నవాడు ఉడికిపోతాడు. ముడత పడి మెల్లగా విచ్చుకునేది మనక్కావాలి. కాటనూ పాలిస్టరూ కలిపి నేసే టెర్రికాట్‌లో కాటన్ పాలు ఎక్కువున్నది సాధారణంగా ఈ పరీక్షలో పాసవుతుంది. పన్నెండులో నెగ్గినవి రెండు. మిగతావాటిని మా ఆవిడ మళ్లీ లోపల పెట్టేసింది, ఇంకొకరి గృహప్రవేశానికి పనికొస్తాయని. అవి అలా ఊళ్లు తిరుగుతూనే ఉంటాయి, ఏ టైలరూ వాటిని కత్తిరించడు.

లినెన్ కావాలని వాడికి సరదా. బందరు రోడ్డులో రెండు సిగ్నళ్లు ఆగేసరికి లినెన్ చొక్కా దిండు గలీబులా తయారవుతుంది. కారులో తిరిగేవాళ్ల బట్ట అది. మంగళగిరి చేనేత నాకు ప్రాణం, ఒంటికి అంత హాయి మరొకటి ఇవ్వదు. కానీ పొద్దున గంజి పెట్టి నిలబెట్టిన చొక్కా మధ్యాహ్నానికే నీరసపడుతుంది. దాన్ని కూర్చుని చేసే పనులున్న రోజు వేసుకుంటాను.

తరవాత వన్‌టౌన్‌లో బట్టల మార్కెట్టు వస్త్రలతకి తీసుకెళ్లాను. అక్కడ నాకు తెలిసిన షాపుంది. 58 అంగుళాల పన్నాలో, అంటే గుడ్డ వెడల్పులో, ప్యాంటుకి మీటరూ ఇరవై, ఫుల్ చేతుల చొక్కాకి మీటరూ అరవై సెంటీమీటర్లు చాలు. 36 పన్నా అయితే చొక్కాకే రెండుంపావు నుంచి రెండున్నర మీటర్లు పడుతుంది, అందుకే మీటరు ధర ఒక్కటే చూసి చవకనుకోకూడదు. నాలాంటి పొట్టలకి ఇంకొంచెం పడుతుంది, షాపతను అడక్కుండానే కలిపి కోస్తాడు. ప్యాంట్లకి ముదురు నీలం ఒకటి, ముదురు బూడిద రంగు ఒకటి తీశాం. నలుపు వద్దన్నాను. గుంటూరు రోడ్ల దుమ్మంతా నలుపు మీద పౌడరు అద్దినట్టు కనిపిస్తుంది. పైగా పాలిస్టరు ఎక్కువైన ప్యాంటు బండి సీటుకి రాసుకుని రాసుకుని వెనకవైపు అద్దంలా మెరుస్తుంది, నలుపులో ఆ మెరుపు మరీ తెలిసిపోతుంది. మనకి కనపడదు కాబట్టి మనం పట్టించుకోం, గదిలోంచి బయటికి వెళ్లేటప్పుడు మాత్రం అవతలివాళ్లు చూసేది అదే.

టైలరు మాస్టారు మా నాన్న కాలం నుంచీ తెలుసు. మా నాన్న చొక్కా కాలరు మడత దగ్గర చిరిగితే విప్పదీసి, తిరగేసి మళ్లీ కుట్టేవారు, ఇంకో రెండేళ్లు వచ్చేది. ఇప్పుడూ కుడతారా అంటే "ఎవరడుగుతున్నారు సార్" అన్నారు. మావాడు ఆది చొక్కా అని ఒంటికి అతుక్కుపోయినదొకటి తెచ్చాడు. ఆయన దాన్ని పక్కన పెట్టి టేపు తీశారు. నడుం, పొడవు, చేతులు కావాలంటే తరవాత సరిచేయొచ్చు గానీ భుజం కుదరకపోతే మాత్రం చొక్కా పోయినట్టే. కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. జారితే అన్న చొక్కా, ఎక్కితే తమ్ముడి చొక్కా అంటారాయన. కాలరు గుండీ పెట్టాక మెడకీ కాలరుకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. గుండీల మధ్య చొక్కా నోరు తెరవకుండా ఉందో లేదో కూర్చుని చూసుకోవాలి, నిలబడి కాదు. ప్యాంటు వెనక కుట్టులో లోపల అంగుళమన్నా గుడ్డ వదలమన్నాను. వాడు నవ్వాడు. 28 నడుంతో నేనూ నవ్వినవాణ్ణే.

టై గురించి అడిగాడు. వాళ్ల బ్రాంచిలో వేసుకుంటారో లేదో చూసి అప్పుడు కొనమన్నాను. వేసుకుంటే మాత్రం దాని కొస బెల్టు బకిల్ దగ్గర ఆగాలి. సూటు సంగతి ఎత్తలేదు, ఎత్తే అర్హత నాకు లేదు. మా పెళ్లి రిసెప్షన్‌కి అత్తారు పెట్టిన సూటు కంపెనీ మీటింగుకి వేసుకెళ్లి, ఎడమ చేతి మీద కుట్టి ఉన్న సూటు బ్రాండు పట్టీ విప్పకుండా సాయంత్రం దాకా తిరిగాను. అది అలంకారం అనుకున్నా. అంతకుముందు రిసెప్షన్ ఫొటోలన్నిట్లోనూ ఆ పట్టీ ఉంది.

షూస్ దగ్గర మాత్రం వాడితో గొడవ పెట్టుకున్నాను. లేసులున్నవి హుందాగా ఉంటాయంటాడు. నిజమే. కానీ మన దగ్గర ఎన్ని క్లినిక్కుల్లో, ఎన్ని షాపుల్లో గుమ్మం బయట విడవాలో వాడికింకా తెలీదు. గుంటూరు పట్నం బజారులో పరుపు మీద కూర్చున్న సేటు ముందు కూర్చోవాలంటే ముందు గుమ్మంలో వంగి లేసులు విప్పాలి, లేచి వచ్చేటప్పుడు మళ్లీ కట్టాలి. రోజుకి పదిసార్లు. నేను లేసుల్లేని తోలు షూసే వాడతాను, బెల్టు అదే రంగు. అసలు పరువంతా సాక్సుల్లో ఉంటుంది. బొటనవేలు బయటికి చూస్తుంటే పైన ఎంత ఖరీదైన చొక్కా ఉన్నా లాభం లేదు, పైగా నాలుగింటికి వాసన కూడా లెక్కలోకి వస్తుంది. కాటన్‌వి, పిక్క సగం దాకా వచ్చేవి, ప్యాంటు రంగులో ఆరు జతలు నేనే కొనిచ్చాను. బండి బ్యాగులో ఎప్పుడూ ఒక జత అదనంగా ఉండాలని ఒట్టేయించుకున్నాను.

మాస్టారు శనివారం సాయంత్రానికి రెండు జతలూ ఇస్తానన్నారు. ఆయన మాట మీద నాకు గౌరవం ఉంది, తారీకుల మీద లేదు. వచ్చేటప్పుడు దారిలో ఆగి తెల్ల రెడీమేడ్ చొక్కా ఒకటి, 40 సైజుది, తీసి బండి డిక్కీలో పెట్టాను. వాడికి ఇంకా చెప్పలేదు.