గుంపంటే భయానికి గుంపులోనే వైద్యం

నలుగురిలో నోరు విప్పాలంటే గొంతు ఎండిపోయే మనిషిని తీసుకెళ్లి నలుగురి మధ్యే కూర్చోబెట్టడం ఏం వైద్యమో అని మొదట్లో కోపం వచ్చింది. గ్రూప్ థెరపీ పూర్తయింది కాబట్టి రాస్తున్నా.

ఎవరికి ఏ సందర్భం భయమో దాన్నే అక్కడ నటించాలి. నాది మీటింగులో మాట్లాడటం. ఏం జరుగుతుందనుకుంటున్నానో ముందే చెప్పించారు: 'చేతులు వణకడం అందరికీ కనిపిస్తుంది'. తర్వాత వీడియో చూపించారు. వణుకు వెతికినా కనబడలేదు! లోపల ఉన్నంత టెన్షన్ బయటికి తెలియదట. పైగా చేతులు జేబులో దాచుకోవడం, మాటలు బట్టీపట్టడం లాంటి జాగ్రత్తలే భయాన్ని పోనివ్వవట. అవి మాన్పించి మళ్లీ మాట్లాడించారు. అది మాత్రం నరకం.

ఈ తరహా గ్రూపులకు మూలం అమెరికా సైకాలజిస్ట్ రిచర్డ్ హైంబర్గ్ పద్ధతి: ఇద్దరు థెరపిస్టులు, వారానికోసారి చొప్పున సుమారు 12 వారాలు. అయితే బ్రిటన్‌లోని వైద్య సలహా సంస్థ నైస్ 2013 మార్గదర్శకాలు మాత్రం గ్రూపు కన్నా ఒక్కరికే విడిగా చేసే సీబీటీకే (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే మాటల చికిత్స) ఓటేశాయి. దొరికితే ముందు అదే అడగండి. నాకైతే, ఎంతో చక్కగా మాట్లాడుతోందనుకున్న అమ్మాయి 'ఇందాక చచ్చేంత భయమేసింది' అనడం ఏ వీడియోకన్నా ఎక్కువ పనిచేసింది. విడి థెరపీలో అది దొరికేది కాదు.