టెన్షన్ పడితే పడనీ

ఈరోజు ఆఫీసులో మా టీమ్ తరఫున పైవాళ్ళ ముందు నేనే మాట్లాడాలి. నిన్న సాయంత్రం నుంచే టెన్షన్. కానీ ఎన్నాళ్ళనుంచో ముందుకు కదలని రిపోర్టు ఆ టెన్షన్‌లోనే, ఒక్క పూటలో, ఓ కొలిక్కి వచ్చింది. గడువు దూరంగా ఉన్నంతకాలం ప్రతి అంకే ముఖ్యమనిపించి దేన్నీ తీసెయ్యబుద్ధి కాలేదు. తెల్లారితే మీటింగ్ అనేసరికి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చకచకా తెలిసిపోయింది.

మీటింగ్ రూమ్ బయట నిలబడ్డప్పుడు మాత్రం గుండె దడదడ. నోరు ఎండిపోయింది, వేళ్ళు చల్లబడ్డాయి, పట్టుకున్న కాగితాలు అరచేతి చెమటకి తడిశాయి. ఇదంతా ఒంట్లో ఏదో తేడా చేసినట్టే ఉంటుంది గానీ నిజానికి ఒళ్ళు తన పని తాను చేసుకుంటోంది. అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవగానే గుండె వేగం పెరుగుతుంది, కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది, చర్మం దగ్గర సన్నని రక్తనాళాలు ముడుచుకుని రక్తం కండరాల వైపు మళ్ళుతుంది. వేళ్ళు చల్లబడేది అందుకే. అంతెందుకు, ఏ టెన్షనూ లేని రోజున కూడా నిద్రలేచిన 30, 45 నిమిషాల్లో మనలో చాలామందికి కార్టిసాల్ బాగా పెరుగుతుంది. మనం ఒత్తిడి హార్మోన్ అని తిట్టుకునేది దాన్నే, రోజు మొదలుపెట్టడానికి ఒంటిని సిద్ధం చేసేదీ అదే.

ఇలాంటప్పుడు అందరూ చెప్పేది ఒకటే, "కూల్‌గా ఉండు" అని. నాకది ఎప్పుడూ పనిచెయ్యలేదు. గుండె అంత వేగంగా కొట్టుకుంటుంటే ప్రశాంతంగా ఉన్నానని మనసుని ఎలా నమ్మించడం? హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాలు 2014లో వచ్చాయి. పాట పాడేముందు, నలుగురిలో మాట్లాడేముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళకన్నా "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్ళే బాగా చేశారు. భయమైనా ఉత్సాహమైనా గుండె కొట్టుకునేది దాదాపు ఒకేలా కాబట్టి ఆ మాట మనసు ఒప్పుకుంటుందన్నమాట. నేనూ తలుపు తీసేముందు అదే అనుకున్నాను, నిజంగానే మొదటి రెండు వాక్యాలు దాటాక గొంతు సర్దుకుంది. మధ్యలో ఒకాయన, నేను ఊహించని ప్రశ్న, ఖర్చుల గురించి అడిగారు. మామూలు రోజైతే "తర్వాత చూసి చెప్తాను సార్" అనేదాన్ని. ఈరోజు ఆ అంకె ఏ పేజీలో ఉందో కూడా గుర్తొచ్చింది.

అలాగని ఎంత ఒత్తిడైతే అంత మంచిదని కాదు. యెర్క్స్, డాడ్సన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు 1908లోనే ఎలుకలకి కరెంటు షాక్ ఇచ్చి చూశారు. సులువైన పనైతే షాక్ గట్టిగా ఇచ్చేకొద్దీ అవి త్వరగా నేర్చుకున్నాయి, కష్టమైన పనికొచ్చేసరికి మధ్యస్థంగా ఉన్న షాకే బాగా పనిచేసింది. ఒత్తిడి మీద జీవితమంతా పరిశోధన చేసిన హాన్స్ సెల్యే కూడా అన్ని ఒత్తిళ్ళనీ ఒకే గాటన కట్టలేదు. నా మట్టుకు నాకు తేడా ఎక్కడంటే, ఈరోజు టెన్షన్‌కి ఒక ముగింపు ఉంది. మధ్యాహ్నానికల్లా వదిలిపోయింది, ఆకలి వేసింది, హాయిగా నవ్వాను. నెలల తరబడి వదలని అప్పుల బాధ, ఇంట్లో జబ్బు, రోజూ తిట్టే పై అధికారి, ఇవి వేరు. వాటితో నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది. "ఒత్తిడి ఉంటేనే పని బాగా జరుగుతుంది" అంటూ మనుషుల మీద మోయలేనంత పని వేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. బరువు దించుకునే వీలు లేకపోతే అందులో మంచేమీ లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది. రేపు స్కూల్లో స్టేజీ ఎక్కి మాట్లాడాలి. "కడుపులో తిప్పుతోందమ్మా, నేను వెళ్ళను" అంది. భయపడకు అని అనలేదు, పొద్దున నా చేతులు ఎలా చల్లబడ్డాయో చెప్పాను. "నీక్కూడానా?" అని నా చెయ్యి పట్టుకుని చూసింది. కడుపులో ఎందుకలా అవుతుందో అడిగితే, ఒళ్ళు రేపటి పనికి తయారవుతూ అరుగుదల పనిని కాసేపు పక్కన పెడుతుందని చెప్పాను. కాసేపాలోచించి, "అయితే స్టేజీ దిగాక తగ్గిపోతుందా?" అంది. తగ్గిపోతుందన్నాను. వెళ్తానంది గానీ, ముందు వరసలో నేను కనబడాలట. రేపు పొద్దున పూట సెలవు కావాలని ఇప్పుడే ఆఫీసుకి మెసేజ్ పెట్టాను.