ఒకటో వైరు ఎక్కడుంది?

మా నాయన కొన్న అంబాసిడర్ మార్క్ 4 ఇంకా చిత్తూరులో మా ఇంటి ముందే ఉంది. 1984 మోడల్. కాణిపాకం తీసుకుపోయి పూజ చేయించిన రోజు నాకు ఎనిమిదేళ్లు. నిమ్మకాయల మీదుగా బండి కదిలినప్పుడు ముందు కుడి టైరు కింది కాయ పగలకుండా పక్కకు దొర్లిపోతే అమ్మ ముఖం చిన్నబోవడం కూడా గుర్తుంది. నాయన పోయాక అమ్మేయమని ఇంట్లో అందరూ చెప్పారు. వినలేదు. అందుకే నా ఆదివారాలు చాలావరకు బానెట్ కిందే గడిచిపోతుంటాయి.

ఈసారి జబ్బు, కాయిల్ ఇచ్చే కరెంటును వంతులవారీగా నాలుగు సిలిండర్ల ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌ది. ఐడ్లింగ్‌లో ఇంజన్ వెక్కిళ్లు వచ్చినట్టు తడబడేది. దాని లోపల విడిపోతూ కలుస్తూ నిప్పు పుట్టించే పాయింట్ సెట్ మార్చినా, కండెన్సర్ మార్చినా రెండు నెలలకు మళ్లీ మొదటికే. చివరికి క్యాప్ తీసి, లోపల తిరుగుతూ ఒక్కో వైరుకు కరెంటు అందించే రోటర్ కింది షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని కదిపితే ఊడబోయే పన్నులా ఊగింది. లోపలి బుష్ అరిగిపోయింది. షాఫ్ట్ ఊగితే పాయింట్ గ్యాప్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కో రకంగా వస్తుంది. గ్యాప్ మారితే నిప్పు పడే సమయమూ మారుతుంది. ఇక సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి ఎంత జాగ్రత్తగా కొలిస్తే మాత్రం ఏం లాభం? చెన్నైలో పాత బండ్ల సామాన్లు దొరికే పుదుపేటకు పోయి, బుష్ మార్చి బాగుచేసినది ఒకటి తెచ్చుకున్నాను.

పాతది ఊడదీసేటప్పుడు ఒకటి గమనించాను. క్యాప్ మీద ప్లగ్ వైర్లు బండి రిపేరు పుస్తకంలోని బొమ్మలో ఉన్నట్టు లేవు. ఒకటో సిలిండర్ వైరు ఉండాల్సిన చోట నాలుగోది ఉంది, మూడోది ఉండాల్సిన చోట రెండోది. ఎవడో తెలియక తగిలించాడు, ఇవాళ సరిచేస్తా అనుకున్నాను. తప్పుగా తగిలిస్తే బండి ఇన్నేళ్లు ఎట్లా నడిచిందన్న ప్రశ్న మాత్రం నా బుర్రకు తట్టలేదు.

ఆ తర్వాత అంతా పద్ధతిగానే చేశాను. నాలుగు ప్లగ్గులూ విప్పి, టాప్ గేర్లో వేసి, మా అబ్బాయిని వెనకనుంచి మెల్లగా తోయమన్నాను. ఈ ఇంజన్‌కు టైమింగ్ గుర్తులు, అంటే నిప్పు పడాల్సిన సమయం చూపించేవి, కింది వైపు ఉంటాయి. నేల మీద వెల్లకిలా పడుకుని టార్చ్ వేసి చూడాలి. కవర్ మీద మూడు ముళ్లు, అన్నింటికన్నా పొడుగుది పిస్టన్ పూర్తిగా పైన ఉన్నప్పటిది, మిగతావి 5 డిగ్రీలు, 10 డిగ్రీలు. పుల్లీ మీది గాడి 5 ముల్లుకు ఎదురుగా వచ్చింది. లేచి చూస్తే, రోటర్ కూడా పుస్తకంలో ఒకటో వైరు చూపించిన వైపే తిరిగి ఉంది. ఇంకేం కావాలి?

కొత్త డిస్ట్రిబ్యూటర్ దించాను. దాని కింది పళ్లు నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకు ఉంటాయి కాబట్టి ఒకే విధంగా కూర్చుంటుంది. తిరగేసి పెడదామన్నా పట్టదు. ముందుగా పాయింట్ గ్యాప్ 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, పెట్టాను. గ్యాప్ పెంచితే పాయింట్ ముందే విడిపోయి టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది, అంటే నిప్పు ముందే పడుతుంది కాబట్టి ఈ పని ఎప్పుడూ ముందే చేయాలి. తర్వాత పార్కింగ్ బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వైరు దగ్గర, ఇంకొకటి బాడీకి తగిలించి ఇగ్నిషన్ ఆన్ చేశాను. ఈ బండిలో రోటర్ గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్‌ను ముందు అటే తిప్పి, బల్బు ఆరిపోయాక, గడియారం ముల్లు తిరిగే వైపు వెంట్రుకవాసి చొప్పున తిప్పుకుంటూ వచ్చాను. పాయింట్ విడిపోయిన క్షణానే బల్బు టక్కున వెలిగింది. క్లాంప్ బోల్టు బిగించాను. వైర్లు పుస్తకం ప్రకారం, సిలిండర్లలో నిప్పు పడే వరసలో, 1-3-4-2.

సెల్ఫ్ కొట్టాను. కార్బ్యురేటర్‌లోంచి ఢామ్మని ఒక్క పేలుడు! మామిడి చెట్టు మీది కాకులన్నీ లేచాయి. మళ్లీ కొట్టాను, మళ్లీ ఢామ్. మా అబ్బాయి ఎదురింటి అరుగు మీదకు మకాం మార్చేశాడు.

మధ్యాహ్నం దాకా బల్బు పెట్టడం, గుర్తు చూడడం, బల్బు పెట్టడం, గుర్తు చూడడం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బండి మాత్రం స్టార్ట్ కాదు. టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినలేదు. చివరికి కట్టమంచిలో ఉండే మా మేస్త్రికి ఫోన్ చేశాను. నాయన కాలంనుంచీ ఈ బండి చూసిన మనిషి, డెబ్బై దాటాయి. షెడ్డు కొడుక్కు అప్పగించేశాడు.

వచ్చి ఏ పనిముట్టూ అడగలేదు. "దూది ఉందేమప్పా?" అన్నాడు. దేవుడి గదిలోంచి తెచ్చిచ్చాను. ఉండ చేసి ఒకటో ప్లగ్గు రంధ్రంలో వదులుగా పెట్టి, నన్ను తోయమన్నాడు. గాడి ముల్లుకు ఎదురుగా వచ్చింది, రోటర్ నేను ఒకటో వైరు పెట్టిన వైపు చూసింది, దూది కదల్లేదు. ఇంకా తొయ్యమన్నాడు. ఇంజన్ ఇంకో చుట్టు తిరుగుతుండగా టప్పుమని దూది ఎగిరి ఫెండర్ మీద పడింది. అప్పుడు రోటర్ సరిగ్గా ఎదురు వైపు ఉంది.

"నువ్వు పొగ బయటికి పొయ్యేటప్పుడు నిప్పు పెడతావుండావు," అన్నాడు.

అప్పటికి అర్థమైంది. పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది, ఒకసారి పెట్రోలు, గాలి కలిసినదాన్ని నొక్కే కంప్రెషన్‌లో, ఒకసారి పొగను తోసేటప్పుడు. పుల్లీ గాడికి ఆ రెండూ ఒకటే. రెండిటికీ ముల్లు దగ్గరికే వస్తుంది. రోటర్‌ను నమ్ముదామంటే, దాన్ని తిప్పే ఇంజన్ లోపలి గేరే సగం చుట్టు తేడాగా కూర్చుని ఉంది. ఎవరు చేశారో అని నేను విసుక్కుంటే మేస్త్రి బీడీ వెలిగించుకుని, "ఇంజన్ బోరింగ్ చేసినప్పుడు నేనే ఏసినా. నాలుగోది కంప్రెషన్‌లో ఉండంగా గేరు దించేసినట్టుండాను. మీ నాయన ఆ సాయంత్రమే బండి కావాలని కూసోనుండె. మళ్లా ఎవురు ఊడదీస్తారు? వైర్లు అటు మార్చేసినా," అన్నాడు. తప్పు చేసినట్టు ముఖంలో ఎక్కడా లేదు.

గేరు తీసి సరిగ్గా వేద్దామా అని అడిగితే నవ్వాడు. వైర్లు నాలుగూ పీకి సగం చుట్టు జరిపాడు, అంతే. సెల్ఫ్ అందుకోగానే ఇంజన్ లేచింది. ఐడ్లింగ్‌లో తడబాటు లేదు.

నా మట్టుకు బల్బుతో పెట్టే టైమింగ్ బండి స్టార్ట్ కావడానికే. అసలు లెక్క రోడ్డు మీద తేలుతుంది. మర్నాడు తెల్లవారుజామున పలమనేరు రోడ్డు పట్టుకుని బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కించాను. మూడో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు నాకింగ్. అడ్వాన్స్ ఎక్కువైంది. పక్కకు ఆపి, క్లాంప్ వదులు చేసి, రోటర్ తిరిగే దిక్కుకు ఒక గీతంత జరిపి బిగించాను. ఈసారి నాకింగ్ పోయింది, పుల్లింగ్ కూడా పోయింది. లారీలు నన్ను దాటుకుని పోతున్నాయి! మళ్లీ ఆపి అందులో సగం వెనక్కి తిప్పాను. ఇప్పుడు ఎత్తులో బాగా నొక్కినప్పుడు ఒకటి రెండు టిక్కులు వినిపించి ఆగిపోతాయి. అక్కడే వదిలేశాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ గోళ్లకు వేసుకునే ఎర్ర రంగు సీసా తీసుకుని, క్యాప్ మీద ఒకటో వైరు దగ్గర ఒక చుక్క, డిస్ట్రిబ్యూటర్‌కూ ఇంజన్‌కూ కలిపి ఒక గీత పెట్టాను. బానెట్ లోపలి వైపు కూడా పెద్ద అక్షరాలతో "పుస్తకం చూడొద్దు, దూది పెట్టు" అని రాద్దామనుకున్నాను గానీ 'పుస్తకం' దగ్గరే సీసా ఖాళీ అయింది.